కొత్తగా హెచ్ఎం (హెడ్మాస్టర్) అయ్యాను, సీనియర్ల క్లాసుల్లోకి ఎలా వెళ్ళాలి?

హెచ్ఎం గారూ, మీ ప్రశ్న చదివాను. ప్రమోషన్ మీద విజయనగరం జిల్లాలో ఒక జడ్పీ హైస్కూలుకి వచ్చారు. స్టాఫ్‌లో సగానికి సగం మీకంటే సీనియర్లు. క్లాసు వెనక బెంచీలో కూర్చుంటే ‘ఇన్‌స్పెక్షనా సార్?’ అని మొహం మీదే అడుగుతున్నారు. ఆరో తరగతికి వచ్చిన పిల్లల్లో చాలామందికి ఒక పేరా చదవడం రాదు. పైనుంచి వచ్చే ఫోన్లు మాత్రం టెన్త్ రిజల్ట్ గురించే. బోధన బాగుపడాలంటే హెచ్ఎం ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

నేను శ్రీకాకుళం జిల్లా పాతపట్నం వైపు ఎస్‌జీటీగా, అంటే చిన్న తరగతుల టీచరుగా చేరాను. తర్వాత లెక్కల స్కూల్ అసిస్టెంట్ అయ్యాను. హెచ్ఎంది కొన్ని జిల్లాలు కలిపిన జోన్ మొత్తానికి చెందిన పోస్టు కాబట్టి జిల్లా దాటి చీపురుపల్లి దగ్గర పనిచేసి రిటైరయ్యాను. నా జవాబు ముందే చెప్పేస్తాను. మొదట పిల్లల నోట్సులు చూడండి. తర్వాత మీ క్లాసుకి టీచర్లని పిలవండి. వాళ్ళ క్లాసుల్లోకి మీరు వెళ్ళేది ఆ తర్వాతే. ఈ వరస తిరగబడితే మీరు ఎంత నవ్వుతూ వెళ్ళినా అది ఇన్‌స్పెక్షన్ కిందే లెక్క.

నోట్సులంటే సంతకం కోసం టేబుల్ మీద పేర్చే కట్టలు కాదండీ. ఒక సెక్షన్లో నలుగురైదుగురివి తీసుకుని, పక్కపక్కన పరిచి, అందరివీ ఒకే పేజీ తెరవండి. సోషల్ నోట్సులో ‘మధ్యధరా’ కాస్తా ‘మధ్యదరా’ అయి ఉంటుంది. ఒకడి నోట్సులో ఉంటే పొరపాటు. అందరి నోట్సులోనూ అదే ఉంటే ఆ జవాబు ఎవరూ ఆలోచించి రాయలేదని అర్థం. క్లాస్ లీడర్ గైడు చూసి బోర్డు మీద ఎక్కించాడు, మిగతావాళ్ళు దించుకున్నారు. కింద ఎర్ర ఇంకుతో టిక్కు, తేదీ, సంతకం. టిక్కు పెట్టినవారు కూడా చదవలేదన్నమాట. ఎవరినీ ఏమీ అడగకుండానే ఆ క్లాసు ఎలా నడుస్తోందో మీకు సగం తెలిసిపోతుంది.

లెక్కల నోట్సు ఇంకా బాగా మాట్లాడుతుంది. 52లోంచి 27 తీసేయమంటే 35 అని రాసే పిల్ల ప్రతి ఆరో తరగతిలోనూ ఉంటుంది. ఆ అమ్మాయికి తీసివేత రాదని తేల్చేస్తాం. కానీ ఏం చేసిందో చూడండి. 7లోంచి 2 తీసింది, 5 వచ్చింది. 5లోంచి 2 తీసింది, 3 వచ్చింది. ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయాలని తనకు తానే ఒక రూలు పెట్టుకుంది, ఆ రూలు ప్రకారం ఎక్కడా తప్పలేదు. అందుకే 64లోంచి 38 తీయమంటే 34 అంటుంది, 81లోంచి 46 తీయమంటే 45 అంటుంది. మీరు ఇంటూ కొట్టి పక్కన సరైన జవాబు రాసిచ్చినా ఆ రూలు చెక్కుచెదరదు. పదేసి చీపురుపుల్లల కట్టలు ఐదు, విడిపుల్లలు రెండు చేతికిచ్చి, ఇందులోంచి ఇరవయ్యేడు తీసి నాకివ్వమ్మా అంటే అప్పుడు ఆగుతుంది. విడిగా ఏడు పుల్లలు లేవు. ఒక కట్ట విప్పక తప్పదు. ఆ విప్పడం దగ్గరే అసలు పాఠం ఉంది.

ఇక స్టాఫ్ మీటింగ్. సర్క్యులర్లు చదివి వినిపించడం మానేసి వాటిని వాట్సాప్ గ్రూపులో పడేయండి. బోర్డు మీద ఆ 35 రాసి, ‘ఈ పిల్ల ఎలా ఆలోచించి ఉంటుంది?’ అని అడగండి. ఆ నోట్సు మాత్రం మీరు పాఠం చెప్పే సెక్షన్‌దే అయి ఉండాలి. ఇంకొకరి క్లాసుదైతే ఆ టీచరు మొహం మాడుతుంది, మిగతావాళ్ళు నేల చూపులు చూస్తారు. మీదే అయితే అందరికీ నోరు లేస్తుంది. మా బడిలో డీఏ బకాయిలు, పీఆర్సీ లాంటి జీతాల సంగతులు తప్ప మీటింగులో ఇంకో మాట ఎత్తని పెద్దమనిషి (వాటి గురించీ మాట్లాడాలి, నేనూ మాట్లాడేవాణ్ణి) ఆ రోజు లేచి, తన హిందీ క్లాసులో పిల్లలు ‘కా, కీ, కే’ దగ్గర ఇలాంటి సొంత రూలే పెట్టుకుంటారని వివరంగా చెప్పారు. అంత సర్వీసులో ఆయన్ని ఆ సంగతి అడిగినవాళ్ళే లేరు.

తర్వాతది మీ క్లాసు. మీ సబ్జెక్టు ఏమిటో రాయలేదు. ఏదైనా సరే, ఆరో తరగతి తీసుకోండి. హెచ్ఎంలు మామూలుగా టెన్త్ తీసుకుంటారు, అది సుఖం, వినే పిల్లలు ముందు బెంచీల్లో ఉంటారు కాబట్టి. ఆ పీరియడ్ ఖాళీగా ఉన్న టీచర్లని వచ్చి కూర్చోమనండి. వాళ్ళు చూడాల్సింది మిమ్మల్ని కాదు. ఒక్కొక్కరికి ముగ్గురు పిల్లల్ని అప్పగించండి. వాళ్ళెప్పుడు రాశారు, ఎప్పుడు కిటికీలోంచి చూశారు, పక్కవాడి నోట్సులోకి ఎక్కడ తొంగిచూశారు, అది గమనించమనండి. బెల్ కొట్టాక స్టాఫ్ రూమ్‌లో టీ తాగుతూ చెప్పమనండి. ‘సార్, మీరు భిన్నాలు మొదలెట్టగానే మూడో బెంచీ వాడు నిద్రలోకి జారుకున్నాడు’ అని హెచ్ఎంతో ధైర్యంగా చెప్పగలిగిన స్టాఫ్ రేపు తమ క్లాసులో మిమ్మల్ని చూసి బిగుసుకుపోరు.

ఇది నా సొంత పైత్యం కాదు. బడి నాయకత్వం మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి న్యూజిలాండ్‌లో వివియన్ రాబిన్సన్, ఆమె సహచరులు 2008లో ఒక పేపరు ప్రచురించారు. లక్ష్యాలు పెట్టడం, నిధులు సమకూర్చడం, క్రమశిక్షణ చూడటం లాంటి వాటన్నిటికంటే, టీచర్లు నేర్చుకునే చోట హెడ్మాస్టర్ కూడా కూర్చుని వాళ్ళతోపాటు నేర్చుకోవడమే పిల్లల చదువు మీద ఎక్కువ ప్రభావం చూపిందని అందులో తేలింది. ట్రైనింగ్ ప్రారంభోత్సవంలో దీపం వెలిగించి, నాలుగు మాటలు చెప్పి, పని ఉందని వెళ్ళిపోయే మనకి ఇది కాస్త గుచ్చుకునే సంగతే.

ఇప్పుడు వాళ్ళ క్లాసుల్లోకి వెళ్ళండి. ముందురోజే అడగండి: ‘రేపు థర్డ్ పీరియడ్ రావచ్చా మేడమ్?’ చేతిలో రిజిస్టరు, పెన్ను వద్దు. వెనక బెంచీ కూడా వద్దు, అది ఇన్‌స్పెక్టర్ల చోటు. మధ్యలో ఒక పిల్లాడి పక్కన ఇరుక్కుని కూర్చోండి. పది పదిహేను నిమిషాలు చాలు. టీచరు వైపు కాకుండా పిల్లాడి నోట్సు వైపు చూడండి.

ఒకసారి ఎనిమిదో తరగతి బయాలజీ క్లాసులో అలా కూర్చున్నాను. క్లాసులోని డిజిటల్ ప్యానెల్ మీద గుండె వీడియో నడుస్తోంది. ఎర్రరంగు, నీలంరంగు, బాణాలు, వెనక మ్యూజిక్కు, చాలా బాగుంది. పిల్లలు కళ్ళప్పగించి చూస్తున్నారు. వీడియో అయిపోయాక నా పక్కనున్నవాణ్ణి మెల్లిగా అడిగాను, ‘రక్తం ఎటు పోతాదిరా?’ అని. ‘బాణం ఎటుంటే అటు పోతాది మేస్టారూ’ అన్నాడు. టీచరు విన్నారు, నవ్వేశారు. నేను ఏ సలహా ఇవ్వలేదు. తర్వాతి వారం ఆయనే పిలిచారు. వీడియోని సగంలో ఆపి, బాణాలు లేని గుండె బొమ్మ ఇచ్చి, ఇప్పుడు రక్తం ఎటు వెళ్తుందో మీరే బాణాలు గీయండి అన్నారు. క్లాసులో సగం బాణాలు తలకిందులు. పాఠం అప్పుడు మొదలైంది. నేను ‘మీరు వీడియో మీద ఎక్కువ ఆధారపడుతున్నారు’ అని డైరీలో రాసి ఉంటే, ఆయన యూనియన్ ఆఫీసుకి ఫోన్ చేసి ఉండేవారు.

క్లాసయ్యాక ఒక్క ప్రశ్న అడగండి, ఒక్కటే. ‘ఈ రోజు మీరనుకున్నది ఎంతమందికి అందిందనుకుంటున్నారు?’ అని. ఆ జవాబు నిజాయితీగా చెప్పగలిగినవారికి మీ సలహా పెద్దగా అక్కర్లేదు.

పైవాళ్ళు పంపే రిపోర్టులతో పని జరగదా అని మీకు సందేహం రావచ్చు. మన రాష్ట్రంలోనే దీన్ని పరీక్షించి చూశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ పల్లెటూరి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు 100 తీసుకున్నారు. పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరు ఎక్కడ వెనకబడ్డారో వివరంగా రాసిన రిపోర్టులు టీచర్లకి ఇచ్చారు. చూడటానికి ఎవరైనా వచ్చినప్పుడు ఆ టీచర్లు మిగతా బళ్ళవాళ్ళకంటే చురుగ్గా చెబుతూ కనిపించారు. ఏడాది చివర పిల్లల మార్కుల్లో మాత్రం తేడా ఏమీ లేదు. ఆ ఫలితాలు 2010లో అచ్చయ్యాయి. మధ్యప్రదేశ్‌లో మురళీధరనే అభిజీత్ సింగ్‌తో కలిసి ఇంకో పథకాన్ని పరిశీలించారు. బడికి గ్రేడు ఇవ్వడం, లోపాలు రాయడం, మెరుగుదల ప్రణాళిక తయారు చేయించడం, అదీ ఆ పథకం. గ్రేడ్లు వచ్చాయి, ప్రణాళికలు రాశారు, అప్‌లోడ్ చేశారు. టీచర్లు క్లాసులో చేసే పనీ, పిల్లలకు వచ్చిన చదువూ రెండూ ఉన్నచోటే ఉన్నాయి. అయినా పథకం బాగుందని ఇతర రాష్ట్రాలకీ విస్తరించారు. అందుకే అంటున్నాను, ప్రణాళిక రాయమంటే రాసిచ్చేయండి, కానీ అది రాసినంత మాత్రాన మీ బడిలో ఏదో కదిలిందని అనుకోకండి.

ఇక మీ ఆరో తరగతి చదువు సంగతి. మూడో తరగతి పూర్తయ్యేసరికి చదవడం, రాయడం, లెక్క వచ్చి తీరాలని 2021లో కేంద్రం నిపుణ్ భారత్ అనే పథకం పెట్టింది. మంచిదే. కానీ మీ దగ్గరకి వచ్చేసిన పిల్లలకి ఆ గడువు దాటిపోయింది. దాని మధ్య 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన జీవో 117తో 3, 4, 5 తరగతులు చాలాచోట్ల హైస్కూళ్ళకి వచ్చాయి, 2025లో ఆ జీవో పోయి మళ్ళీ మార్పులు జరిగాయి. ఈ రాకపోకల్లో నలిగిన పిల్లలే ఇప్పుడు మీ బెంచీల మీద ఉన్నారు. కింద క్లాసులవాళ్ళని తిట్టుకుంటూ కూర్చోవడం అన్ని స్టాఫ్ రూముల్లోనూ జరిగే పని, దానివల్ల ఒక్క గుణింతం కూడా రాదు.

పిల్లలకి చదవడం, లెక్క ఎంతవరకు వచ్చాయో చూసే అసర్ సర్వేవాళ్ళ కాగితం ఒకటి ఉంటుంది. అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. లెక్కల్లో అంకెలు గుర్తుపట్టడం, అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించడం. ఒక్కో పిల్లాణ్ణి విడిగా పిలిచి కూర్చోబెట్టి చూడాలి. పదిమంది ముందు చదివిస్తే, చదివినట్టు నటించడం నేర్చుకున్నవాడు పక్కవాడి గొంతు వెనక దాక్కుంటాడు. ఆ తర్వాత ఆరు, ఏడు తరగతుల్ని కలిపేసి, ఎవరు ఏ మెట్టు మీదున్నారో ఆ గుంపుల్లో రోజూ ఒక పీరియడ్. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఏళ్ళ తరబడి చేస్తున్న పద్ధతి ఇదే.

‘ఎవరు చెబుతారు’ అన్న దగ్గర పేచీ వస్తుంది. చదవడం రాకపోవడం తెలుగు మాస్టారి సమస్యే అన్నట్టు అందరూ ఆయన వైపు చూస్తారు. నేను అక్షరాల గుంపుని తీసుకున్నాను, అందరికంటే కష్టమైంది అదే కాబట్టి. పదాల గుంపుని ఆటలు నేర్పే పీఈటీ సార్ తీసుకున్నారు. ఆయన గ్రౌండులో సుద్దతో పదాలు రాసి, విజిల్ వేసి, పరిగెత్తుకెళ్ళి పదం మీద నిలబడమనేవారు. ఒత్తుల పదాలకి ఆ గ్రౌండే పనికొచ్చింది. స్లో లెర్నర్స్ అన్న మాట మాత్రం మా బడిలో నిషేధించాను. పిల్లలకి ఇంగ్లీషు వచ్చినా రాకపోయినా ఆ మాట మాత్రం బాగా అర్థమవుతుంది.

ఇంకో సంగతి, మన ప్రాంతానిది. పిల్లాడు ‘ఏటండి’ అన్నా ‘నానెల్లను’ అన్నా కొందరు టీచర్లు, ముఖ్యంగా బయటినుంచి వచ్చినవాళ్ళు, నవ్వుతారు. ఆ నవ్వు విన్నవాడు మళ్ళీ ఆ క్లాసులో నోరు విప్పడు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉండగా, సవర గిరిజన పిల్లలకి చదువు చెప్పడానికి ముందు తాను వాళ్ళ భాష నేర్చుకున్నారు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫోటోకి దండ వేస్తాం. ఆ రోజైనా స్టాఫ్‌తో ఈ సంగతి మాట్లాడండి. సీతంపేట, మెళియాపుట్టి వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లలెవరైనా మీ బడిలో ఉంటే మరీను.

ఫోన్ గురించి క్లుప్తంగా. మధ్యాహ్న భోజనం గుడ్ల ఫోటో, హాజరు, బియ్యం, యాప్‌లో యాప్. తప్పదు. కానీ ప్రేయర్ నుంచి సెకండ్ పీరియడ్ అయ్యేదాకా మీ ఫోన్ బీరువాలో పెట్టేయండి. అర్జంటు ఫోన్లలో చాలావరకు మధ్యాహ్నానికి అర్జంటు కాకుండా పోతాయి.

టెన్త్ రిజల్ట్ విషయంలో మన పక్కనే ఉదాహరణ ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి 2022లో విడదీసి ఏర్పాటు చేసిన పార్వతీపురం మన్యం జిల్లా 2023, 2024, 2025 మూడేళ్ళూ పదో తరగతి ఉత్తీర్ణతలో రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచింది. వెనకబడిన ప్రాంతం, ఏజెన్సీ అనే సాకులు ఇక చెల్లవు. మీ పైవాళ్ళు ఫోన్ చేసినప్పుడు స్టడీ అవర్లు పెట్టాం సార్ అని చెప్పండి, నిజంగానే పెట్టండి. కానీ టెన్త్‌లో జనవరి నుంచి రాత్రీ పగలూ పడే తంటా అంతా ఆరో తరగతిలో వదిలేసిన చదువుకి కట్టే వడ్డీయే.

తల్లిదండ్రుల మీటింగుకి తల్లులూ తండ్రులూ రాలేదని కోప్పడకండి. మన ఊళ్ళల్లో ఊడుపులు అయ్యాక చెన్నైకో హైదరాబాదుకో బిల్డింగు పనులకి వెళ్ళిపోతారు. తీరం వెంట ఊళ్ళవాళ్ళు గుజరాత్ బోట్ల మీద ఉంటారు. వచ్చేది మామ్మలే. ‘మా గుంటడికి నాలుగు ముక్కలొచ్చేలాగ చూడండి బావూ’ అని దండం పెడతారు. వాళ్ళకి ప్రోగ్రెస్ కార్డు ఇచ్చి ఏ ప్లస్, బి ప్లస్ చెప్పొద్దు. మనవడిని పక్కన నిలబెట్టి ఒక పేరా చదివించండి. చదివితే ఆవిడకి అర్థమవుతుంది, చదవలేకపోయినా అర్థమవుతుంది. సంక్రాంతికి అమ్మానాన్నా ఊరొచ్చినప్పుడు ఆవిడే వాళ్ళని బడికి తీసుకొస్తుంది.

ఇంత చేసినా కదలని ఒకాయన ప్రతి బడిలోనూ ఉంటారు. ఆయన వెనక పడి మీ ఏడాదంతా ఖర్చు చేయకండి. క్లాసుకి టైముకి వెళ్ళడం, పిల్లల్ని కొట్టకపోవడం, ఈ రెండిటి దగ్గర మాత్రం మొహమాటపడకండి, అక్కడ మెమో ఇవ్వాల్సి వస్తే ఇవ్వండి. మిగతాది వదిలేయండి. మార్పు రావాలనుకునే ఇద్దరు ముగ్గురితో పని మొదలుపెట్టండి. సీనియర్లలో ఒకరిని వాళ్ళ సబ్జెక్టులో ముందుకి తోయండి, చుట్టుపక్కల బళ్ళ టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగులో డెమో పాఠం మీరు చెప్పకుండా వాళ్ళచేత చెప్పించండి. 2025లో వచ్చిన బదిలీల చట్టం ప్రకారం ఒకే చోట హెచ్ఎంకి ఐదేళ్ళు, టీచర్లకి ఎనిమిదేళ్ళు పరిమితి. అంటే మీ స్టాఫ్‌లో కొందరు మీ తర్వాత కూడా అక్కడే ఉంటారు. గుంపుల లిస్టులు, ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారన్న రిజిస్టరు మీ చేతిలో కాకుండా వాళ్ళలో ఒకరి చేతిలో ఉండాలి.

చివరగా, మీ ఆరో తరగతికి పిల్లలు ఏ ఏ ప్రాథమిక పాఠశాలల నుంచి వస్తారో అడ్మిషన్ రిజిస్టరు చూసి రాసుకోండి. జూన్ దాకా ఆగకుండా మార్చిలోనే ఆ బళ్ళకి వెళ్ళి, ఐదో తరగతి పిల్లల్ని ఆ అసర్ కాగితంతోనే చదివించండి, అక్కడి టీచర్ పక్కన కూర్చుని. పిల్లల పేర్లు, వాళ్ళున్న మెట్టు రాసుకుని తెచ్చుకుంటే జూన్‌లో బడి తెరిచిన వారంలోనే గుంపులు వేసేయొచ్చు. మీ సబ్జెక్టు, ఆరో తరగతిలో ఎన్ని సెక్షన్లు ఉన్నాయో కింద రాస్తే, టైమ్‌టేబుల్లో ఆ పీరియడ్ ఎక్కడ ఇరికించవచ్చో చెబుతాను.